ఈ ఏ-2 జాకెట్ (అమెరికా పైలట్ల తోలు జాకెట్) నిజంగా రెండో ప్రపంచ యుద్ధం నాటిదేనా? కొనేముందు చూసి చెప్పండి

హన్మకొండ_పాతసామాను:
అందరికీ నమస్తే. పాత మిలిటరీ సామాను అంటే నాకు ప్రాణం. ఇప్పటిదాకా బకిళ్లు, నీళ్ల సీసాలు, ఒక దిక్సూచి జమ చేసిన. తోలు జాకెట్ల జోలికి మాత్రం పోలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒకాయన ఒక జాకెట్ చూపించి, 1942లో అమెరికా పైలట్ వేసుకున్నదని చెప్తున్నాడు. నలభై ఐదు వేలు అడుగుతున్నాడు. ఇంకో పార్టీ రెడీగా ఉందట, ఆదివారం లోపు ఏదో ఒకటి తేల్చమన్నాడు. ఆ టెన్షన్‌తోనే ఇక్కడ అడుగుతున్నా.

ముదురు గోధుమ రంగు. భుజాలకు పట్టీలు. కాలర్ చివర్లకు, జేబు మూతలకు టిచ్ బటన్లు. జేబుల పక్క నుంచి చేతులు పెట్టుకునే దారి కూడా ఉంది. వీపు మధ్యలో నిలువుగా ఒక కుట్టు. లోపల మెరిసే లైనింగ్. మెడ దగ్గర లేబుల్ మీద టైప్ ఏ-2, డ్రాయింగ్ నంబరు 30-1415, రఫ్ వేర్ క్లోతింగ్ కంపెనీ, ఆర్డర్ 42-1401-పి అని నేసి ఉంది. నెట్‌లో వెతికితే ఆ నంబర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎడమ వైపు ఛాతీ మీద డాలు ఆకారంలో తోలు ప్యాచ్, కింద ఎరుపు తెలుపు చారలు, పైన నీలం మీద సూర్యుడు, నక్షత్రం. ఫోటోలు రేపు పెడతా. తీసుకోవచ్చా?

కరీంనగర్_కలెక్టర్:
తమ్మీ, ముందు అడ్వాన్స్ మాత్రం ఇయ్యకు. ఫోటోలు లేకున్నా నువ్వు రాసినదాన్ని బట్టే చాలా తెలుస్తోంది.

నంబర్లు సరిపోయాయని నమ్మకం పెట్టుకోవద్దు. రఫ్ వేర్ నిజమైన కంపెనీ, 42-1401-పి నిజమైన ఆర్డర్. కాపీలు చేసేవాళ్లు ఆ లేబులే నేయించడానికి కారణం కూడా అదే. నేనైతే లేబుల్ అన్నిటికంటే చివర చూస్తా.

మొదట వీపు చూడాలి. అమెరికా ఆర్మీ ఎయిర్ కోర్ 1931లో ఏ-2ను ఖాయం చేసింది. దాని వీపు మొత్తం ఒకటే తోలు ముక్క, ఎక్కువగా గుర్రం తోలు, కొన్నిటికి మేక తోలు. అంత పెద్ద ముక్క ఎక్కడా మచ్చ లేకుండా దొరకాలంటే తోలు ఖర్చు పెరుగుతుంది. అందుకే తర్వాత బజారు కోసం కుట్టినవాళ్లు రెండు ముక్కలు అతికి మధ్యలో కుట్టు వేశారు. నీ జాకెట్‌కు ఆ కుట్టు ఉంది. నా వరకు కథ అక్కడే అయిపోయింది.

ఇంకా కావాలంటే జేబులు చూడు. అసలు ఏ-2 జేబుకు పై నుంచి తప్ప దారి ఉండదు. పక్క నుంచి చేతులు పెట్టుకునే సౌకర్యం తర్వాతి కాలంలో వచ్చింది. లైనింగ్ కూడా అంతే, యుద్ధకాలంలో వేసింది మెరుపు లేని నూలు గుడ్డ. మెరుస్తోందంటే నైలానో పాలిస్టరో అయ్యుంటుంది. 1943లో ఏ-2 తయారీ ఆపేసి గుడ్డ జాకెట్లకు మారారు. 1988లో అమెరికా ఎయిర్ ఫోర్స్ మళ్లీ మేక తోలుతో తెచ్చింది. ఈ పేరు మీద మామూలు జనం కోసం కుట్టినవి లెక్కలేనన్ని, మన దేశంలో కుట్టినవి కూడా ఉన్నాయి. నీకు చూపించింది ఆ రకమే అని నా అభిప్రాయం.

ఆ ప్యాచ్ మీది గుర్తు మాత్రం నిజమైనదే. చైనా-బర్మా-ఇండియా రంగంలో పనిచేసిన అమెరికన్లది. ఆ సూర్యుడు అప్పటి చైనాది, నక్షత్రం ఇండియాది. వాళ్ల విమానాలు అస్సాం నుంచి హిమాలయాలు దాటి చైనాలోని కున్‌మింగ్‌కు సామాను చేరవేసేవి. మన దేశంలోని తోలు పనివాళ్లు వాళ్ల కోసం చేత్తో చేసిన ప్యాచ్‌లకు ఇప్పుడు గిరాకీ ఉంది. నకిలీలు కూడా అదే లెక్కన వస్తున్నాయి.

కాజీపేట_తోలుపని:
నేను పాత సామాను జమ చేసేవాణ్ని కాదు, బ్యాగులు, జాకెట్లు రిపేర్ చేస్తా. ప్యాచ్ గురించి ఒక్క మాట. అంచు కొంచెం లేపి కింద తోలు చూడండి. ఏళ్ల తరబడి అక్కడే ఉంటే దాని కింద తోలు రంగు చుట్టుపక్కల కంటే ముదురుగా, కొత్తగా ఉంటుంది. రంగు అంతా ఒకేలా ఉండి, కుట్టు రంధ్రాలు పదునుగా, అంచుల్లో తెల్లగా కనబడితే ఈ మధ్య కుట్టినట్టు.

దారం కూడా చెప్తుంది. జేబు లోపల తెగి వేలాడే పోగు ఒకటి ఉంటే, జాకెట్‌కు దూరంగా పట్టుకుని కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ అవుతుంది. కిరాణా షాపుల్లో దొంగ నోట్లు చూసే నీలం లైట్ కింద పెడితే ఇప్పటి దారాలు చాలావరకు తెల్లగా వెలుగుతాయి. కానీ సర్ఫ్‌తో ఉతికిన నూలు కూడా వెలుగుతుంది, ఆ ఒక్కదాన్ని పట్టుకుని తీర్పు చెప్పొద్దు. జిప్ రన్నర్ మీద పేరు చదవండి. అప్పటి అమెరికా జాకెట్లకు టాలన్, క్రౌన్, కాన్‌మార్ లాంటివి వచ్చేవి, అన్నీ లోహానివే.

ఇంకోటి. అసలైన పాత జాకెట్ మీ చేతికొస్తే జిప్ పాడైందని మార్పించకండి, నడుము దగ్గర అల్లిక చిరిగిందని పీకేయకండి. చాలామంది నా దగ్గరికి తెచ్చి కొత్తగా చేసి పెట్టమంటారు. కొత్తగా చేసిన రోజే దాని విలువ పోతుందని ప్రతిఒక్కరికీ చెప్తా.

లష్కర్_ఏరో:
పై ఇద్దరి మాటకు నాది కూడా ఓటు. ఒకటి కలుపుతా. మన తెలంగాణలో వెతికేవాళ్లు అమెరికా ఏ-2 వెంట పడటం ఎందుకు? ఇక్కడ బయటపడే అవకాశం ఎక్కువ ఉన్నది బ్రిటిష్ సామానుకు. యుద్ధకాలంలో బేగంపేటలో పైలట్లకు శిక్షణ ఇచ్చారు. మీ మామునూరు రన్‌వే కూడా నిజాం కాలం నాటిదే కదా. ఆర్.ఏ.ఎఫ్. (బ్రిటిష్ వైమానిక దళం) 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరే ఉంది. దాని చిహ్నం మీద నిజాం తలపాగా ఉంటుంది, బర్మా యుద్ధంలో స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలు నడిపింది ఆ స్క్వాడ్రన్. నాకైతే ఆ చిహ్నం ఉన్న చిన్న గుడ్డ ముక్క దొరికినా ఏ-2 కంటే ఎక్కువ.

బ్రిటిష్ వాళ్లది ఇర్విన్ జాకెట్. లోపల ఉన్ని ఉన్న గొర్రె తోలు, నడుముకు బెల్టు, చేతులకు మణికట్టు నుంచి పైకి జిప్. లేబుల్ మీద కిరీటం, కింద ఏ.ఎమ్. అక్షరాలు ఉంటే ఎయిర్ మినిస్ట్రీ అని అర్థం. ఇక మన దేశంలో తయారైన సైనిక సామాను మీద చాలావాటికి బాణం గుర్తుతో పాటు ఐ అక్షరం ఉండే ముద్ర ఉంటుంది, దాన్ని కూడా గుర్తుపెట్టుకో. అన్నిటికంటే ముఖ్యం, రిటైరైన ఎయిర్ ఫోర్స్ వాళ్ల ఇంటి నుంచి ఏదైనా కొంటే వాళ్ల సర్వీసు కాగితం జిరాక్స్, ఫోటో అడుగు. ఎవరు వేసుకున్నారో తెలిసిన మామూలు జాకెట్‌ను నేను ఊరూపేరూ లేని గొప్ప జాకెట్ కంటే ముందు కొంటా.

హన్మకొండ_పాతసామాను:
అన్నలందరికీ థ్యాంక్స్. నిన్న పోయి మళ్లీ చూసిన. దారం కరిగి ఉండ అయింది. ప్యాచ్ కింద తోలు రంగులో ఏ తేడా లేదు. జిప్ మీద వైకేకే అని జపాన్ కంపెనీ పేరు ఉంది. ఇవన్నీ ఆయనకే చూపిస్తే ఎనిమిది వేలకు దిగిండు. చలికాలం బండి మీద వేసుకోవడానికి తీసుకోనా?

కరీంనగర్_కలెక్టర్:
వేసుకోవడానికైతే నీ ఇష్టం, తోలు మంచిదైతే ఆ రేటుకు తీసుకో. కానీ ఆ ప్యాచ్, లేబుల్ ఉంచి రేపు ఇంకొకరికి అసలుదని అమ్మేటట్టు కావద్దు. లోపల "కొత్త తయారీ" అని చీటీ కుట్టించు. వానాకాలంలో ప్లాస్టిక్ కవర్లో పెట్టకు, బూజు పడుతుంది. వెడల్పాటి హ్యాంగర్‌కు వేసి గాలి తగిలేచోట ఉంచు. మెరవాలని కొబ్బరి నూనె పూయకు.