రెండే స్లాట్లున్న బోర్డులో ఒక 16 జీబీ ర్యామా, రెండు 8 జీబీలా?

ప్రశ్న

ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయికి రైజెన్ 5 5600జీ ప్రాసెసర్‌తో డెస్క్‌టాప్ కూర్పిస్తున్నాను. గ్రాఫిక్స్ కార్డు విడిగా కొనడం లేదు. బోర్డులో ర్యామ్‌కు రెండే స్లాట్లు. ఒకే 16 జీబీ స్టిక్ పెట్టి, రెండో స్లాటును వచ్చే ఏడాదికి ఖాళీగా ఉంచుకొమ్మని దుకాణదారు అంటున్నారు. రెండు 8 జీబీలు వేయకపోతే యంత్రం సగం వేగంతోనే నడుస్తుందని మా మేనల్లుడు పట్టుబడుతున్నాడు. ధరలో పెద్ద తేడా లేదు. ఎవరి మాట వినాలి?

జవాబు 1

సగం వేగమన్నది అతిశయోక్తే గాని, మీ మేనల్లుడి ఆలోచన సరైన దారిలోనే ఉంది. సగమయ్యేది యంత్రం వేగం కాదు, ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్యనున్న బాట వెడల్పు. ఈ ప్రాసెసర్‌కు పట్టే డీడీఆర్4 రకం స్టిక్ ఒక్కటే ఉంటే ఆ వెడల్పు 64 బిట్లు. 3200 వేగంలో సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ డేటా ప్రవహిస్తుంది. రెండు ఛానెళ్లలో, అంటే రెండు బాటల్లో, రెండు స్టిక్‌లు ఉంటే అది 51.2 జీబీ అవుతుంది. బ్రౌజర్, వర్డ్ వంటి వాటిలో ఈ తేడాను కనిపెట్టడం కష్టం. అయితే 5600జీలోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, అది తన పనంతా మన ర్యామ్‌తోనే నెట్టుకురావాలి కనుక, ఆటలు ఆడేటప్పుడు ఒక స్టిక్‌కూ రెండు స్టిక్‌లకూ ఉన్న తేడా కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. విడిగా కార్డు ఉండి ఉంటే నేను ఇంత గట్టిగా చెప్పేవాణ్ని కాదు.

జవాబు 2

వేగం సంగతి ఒప్పుకుంటాను గాని, పరిమాణాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. ఇంజనీరింగ్ విద్యార్థి ఏదో ఒక రోజు ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరుస్తాడు, పక్కన ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే నడిచే నకిలీ ఫోన్) నడుపుతాడు, దానికి తోడు బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు ఉంటాయి. గ్రాఫిక్స్ తన వాటా తీసుకున్నాక మిగిలిన ర్యామ్ ఆ రోజున చాలదు. రెండు స్లాట్లనూ 8 జీబీలతో నింపేసినవారు అప్పుడు రెండింటినీ పీకి, సగం ధరకు అమ్ముకోవలసి వస్తుంది. అందుకే దుకాణదారు సలహాను కొట్టిపారేయలేను.

జవాబు 1, మళ్లీ

“వచ్చే ఏడాది” అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. నేనూ అలాగే ఒక స్టిక్‌తో మొదలుపెట్టి, రెండేళ్ల తర్వాత అదే కంపెనీ, అదే మోడల్ అని చూసి మరీ రెండోది కొన్నాను. లేబుల్ ఒకటే అయినా లోపలి చిప్‌లు వేరు. విండోస్ తెరుచుకునేది, గంటకో రెండు గంటలకో నీలి తెర వచ్చేది. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్‌ను రాత్రంతా నడిపితే ఉదయానికి తెర నిండా తప్పులు చూపే ఎర్ర వరుసలు. చివరకు వేగాన్ని 2666కు తగ్గించాక గాని కుదురుకోలేదు. వేర్వేరుగా కొన్న స్టిక్‌లు చాలాసార్లు కలిసి పనిచేస్తాయి, నిజమే. కాని ఒకే పెట్టెలో జతగా వచ్చినవాటిని మాత్రమే తయారీదారు కలిపి పరీక్షిస్తాడు.

జవాబు 3

డీడీఆర్4 తర్వాతి తరమైన డీడీఆర్5 ర్యామ్ బోర్డు కొనేవారికి ఒక మాట. నాలుగు స్లాట్లు ఉన్నాయి కదా, ఇప్పుడు రెండు, తర్వాత రెండు అనుకోవడం అక్కడ మరింత ఖరీదైన పొరపాటు. రైజెన్ 7000 శ్రేణికి ఏఎమ్‌డీ అధికారికంగా ప్రకటించిన వేగం రెండు స్టిక్‌లకు 5200 కాగా, నాలుగింటికి 3600 మాత్రమే. ఎక్కువ కావాలంటే మొదటే పెద్ద స్టిక్‌లు రెండు తీసుకుని, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టడం మేలు. చాలా బోర్డుల మాన్యువళ్లు చెప్పేదీ అదే.

ఇక అసలు ప్రశ్నకు వస్తే, మీరిద్దరూ 16 జీబీ గీత దాటకుండా వాదిస్తున్నారు. ఎస్ఎస్‌డీ పరిమాణం తగ్గించి, ఒక్కోటి 16 జీబీ ఉన్న స్టిక్‌ల జత తీసుకోవచ్చు కదా? ఎస్ఎస్‌డీని తర్వాత కలుపుకుంటే ఏ పేచీ ఉండదు.

ప్రశ్న అడిగినవారు

చివరి సలహానే పాటించాను. 1 టీబీ ఎస్ఎస్‌డీ బదులు 500 జీబీది తీసుకుని, ఒకే పెట్టెలోని రెండు 16 జీబీలు కొన్నాను. స్టిక్‌లోని గాడిని స్లాటులోని మిట్టకు సరిపెట్టి, క్లిప్పు టక్కుమనేదాకా మా అబ్బాయే నొక్కాడు. టాస్క్ మేనేజర్‌లో స్లాట్లు రెండింటికి రెండూ నిండినట్టు చూపినా వేగం 2666 అనే ఉండడంతో మేనల్లుడికి ఫోన్ చేశాము. బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే బోర్డు సెట్టింగుల్లో) ర్యామ్‌ను దాని ప్రకటిత వేగంతో నడిపించే ఎక్స్ఎంపీని ఆన్ చేయమన్నాడు, చేశాక 3200 వచ్చింది.