అప్‌డేట్: తలనొప్పితో పాటు ముక్కు దిబ్బడ, సైనస్ కాదట

తలనొప్పి వచ్చిన ప్రతిసారీ ముక్కు దిబ్బడ వేస్తోంది, కంట్లో నీళ్లు కారుతున్నాయి, ఇది సైనసేనా అని ఇక్కడ అడిగాను. న్యూరాలజిస్ట్‌కు చూపించుకోమన్న వాళ్లందరికీ చాలా థ్యాంక్స్.

డాక్టరు గారు మైగ్రేన్ అని తేల్చారు. ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం నొప్పి సమయంలో రేగి, ముక్కు లోపలి రక్తనాళాలను ఉబ్బించే నరాలను కూడా కదిలిస్తుందట. అందుకే చీదినా ఏమీ రాదు, లోపల మాత్రం బిగుసుకుపోయి ఉంటుంది. 2004లో అమెరికాలో, తమది సైనస్ తలనొప్పే అనుకున్న దాదాపు 3000 మందిని పరిశీలిస్తే 88 శాతం మందివి మైగ్రేన్ లక్షణాలేనని తేలింది. ఇన్నేళ్లుగా ఆవిరి పట్టుకుంటూ, యాంటీబయాటిక్స్ మింగుతూ ఉన్నవాళ్లు ఎంతమందో అనిపించి బాధేసింది.

నాకు ట్రిప్టాన్ అనే, మైగ్రేన్ నొప్పి వచ్చినప్పుడు వేసుకునే మాత్ర రాశారు. కణత లాగడం మొదలవగానే వేసుకుంటే నొప్పితో పాటు ముక్కూ తెరుచుకుంటోంది. నెలలో 10 రోజులు, అంతకు మించి వాడితే ఆ మాత్ర వల్లే తలనొప్పి రావచ్చని గట్టిగా చెప్పారు. జ్వరం, చిక్కటి పచ్చని చీమిడి ఉంటే మాత్రం ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లాలట.