కింద సోలార్ వేడినీళ్లు బాగానే వస్తున్నాయి, పై బాత్రూంలో మాత్రం రావట్లేదు

హన్మకొండ డాబా:
మాది హన్మకొండలో కింద, పైన రెండు పోర్షన్ల ఇల్లు. డాబా మీద 200 లీటర్ల సోలార్ హీటర్ ఉంది, గాజు గొట్టాల రకం, ప్రెజర్ లేనిది. కింది బాత్రూంలో వేడినీళ్లు ధారాళంగా వస్తాయి. పైన వేడి నల్లా తిప్పితే గుడగుడమని చప్పుడు, ఇంత తుప్పర, ఆ తర్వాత ఏమీ ఉండదు. ఒక్కోసారి అలాగే తెరిచి వదిలేస్తే సన్న ధార మొదలవుతుంది, అదీ గోరువెచ్చగా. పైన అద్దెకున్నవాళ్లు చలి మొదలైన దగ్గర్నుంచి బకెట్ పట్టుకుని కిందికొస్తున్నారు, వాళ్ల మొహం చూడాలంటే నాకే ఎట్లనో ఉంది. సోలార్ బిగించినాయనకు ఫోన్ చేస్తే గొట్టాలు పాతబడ్డాయి, మొత్తం సెట్టే మార్చాలి అంటున్నాడు. గొట్టాలు పోతే కింద ఎట్ల కాగుతున్నాయి మరి?

పైపుల సంగతి కూడా చెప్తా. కిందికి, పైకి ట్యాంకు దగ్గర్నుంచే రెండు వేరే లైన్లు. పై లైను డాబా మీద పరుచుకుని పోయి, పిట్టగోడ ఎక్కి, అవతల గోడ వెంబడి దిగి బాత్రూంలోకి వెళ్తుంది. పైన చన్నీళ్ల లైనుకు చిన్న ప్రెజర్ పంపు పెట్టించాం. ఇంకేమైనా చూడాలా?

కాజీపేట మేస్త్రీ:
తమ్మీ, సెట్టు జోలికి పోకు. పిట్టగోడ ఎక్కి దిగిందన్నావు చూడు, జబ్బంతా అక్కడే ఉంది. నీళ్లు వేడెక్కితే అందులో కరిగి ఉన్న గాలి బయటికొస్తుంది, పొయ్యి మీద గిన్నె అంచుకు మరగకముందే సన్న బుడగలు పట్టేది అదే. ఆ గాలి పైపులో ఎక్కడ ఎత్తు ఉంటే అక్కడికి చేరి కూర్చుంటుంది. పైగా ఓవర్‌హెడ్ ట్యాంకు ఒక్కసారి ఖాళీ అయిందంటే లైనంతా గాలే. దాన్ని తోసేంత బలం మన ట్యాంకు ఎత్తుకు ఉండదు, 10 మీటర్ల నిలువు నీటికి గానీ 1 బార్ ప్రెజర్ రాదు, పై బాత్రూం నల్లాకు నీ ట్యాంకు ఎత్తు రెండు మూడు మీటర్లు ఉంటే గొప్ప. కింది లైనుకు ఆ తల ఎత్తిన ముక్క లేదు, పైగా ఒక అంతస్తు ఎత్తు ఎక్కువ కలిసొస్తుంది, అందుకే అక్కడ రంది లేదు.

అయినా ఒక అనుమానం తీర్చుకో. నీ ప్రెజర్ పంపు మిక్సర్‌లోంచి, అదే వేడి, చన్నీళ్లు కలిసొచ్చే నల్లాలోంచి, చన్నీళ్లను వేడి లైనులోకి నెడుతుండొచ్చు, ఇది చాలా ఇళ్లల్లో చూస్తాం, అందరూ గీజర్ పాడైంది అనుకుంటారు. బాత్రూంలో చన్నీళ్ల యాంగిల్ కాక్, అంటే గోడ దగ్గర లైను కట్టేసే చిన్న వాల్వు, పూర్తిగా కట్టేసి వేడి నల్లా ఒక్కటే తెరువు. వేడినీళ్లు బాగా వచ్చాయంటే తప్పు మిక్సర్‌ది. అప్పుడు కూడా గుడగుడే అయితే గాలి.

నయీంనగర్ అక్క:
మేస్త్రీ గారు చెప్పింది నిజమే గానీ అన్నా, ముందు డాబా ఎక్కి సోలార్ ట్యాంకు మీద నిలువుగా లేచిన గాలి పైపు చూడండి. దాని మూతి చన్నీళ్ల ట్యాంకులో నీళ్లు నిండే మట్టం కంటే పైకి ఉండాలి, ఎప్పుడూ తెరిచే ఉండాలి. మా పక్కింట్లో దాన్నుంచి నీళ్లు కారుతున్నాయని ఎవరో ఎండ్ క్యాప్ బిగించేశారు! కారుతోందంటే పైపు పొట్టిగా ఉందని, ఇంకో రెండడుగులు పెంచాలి గానీ మూత పెట్టకూడదు. మూసేస్తే లోపలి ఒత్తిడికి ట్యాంకు అతుకులు కారతాయి, నీళ్లు ఖాళీ అయ్యేటప్పుడు గాలి లోపలికి రాక ట్యాంకు సొట్టపోయినా పోతుంది.

ఇంకొకటి, మా వైపు కోతులు ఈ పైపులు పట్టుకుని ఊగుతాయి. మా గాలి పైపు వంగిపోయి మూతి ట్యాంకు మట్టం కిందికొచ్చింది, దాంతో రాత్రంతా వేడినీళ్లు డాబా మీదికే. క్లాంపు వేసి గోడకు కట్టించండి.

కరీంనగర్ నుంచి లీడ్స్:
ఇక్కడ ఇంగ్లండ్‌లో మా బాత్రూంలో తువ్వాళ్లు ఆరేసే రేడియేటర్ ఉంది, నిచ్చెన మెట్లలా అడ్డ గొట్టాలు, లోపల బాయిలర్ వేడినీళ్లు తిరుగుతాయి. అదీ ఇదే గోల, కింది మెట్లు చెయ్యి పెట్టలేనంత వేడి, పైవి మాత్రం చల్లగా ఉంటాయి. పైన పోగైన గాలే కారణం. హీటింగ్ ఆపి, చల్లారనిచ్చి, పై చివర ఉన్న చిన్న స్క్రూను తాళంచెవితో అర చుట్టు కూడా కాకుండా ఎడమకు తిప్పితే సుయ్‌మని గాలి పోతుంది, నీళ్ల చుక్క రాగానే బిగించేయాలి. తర్వాత బాయిలర్ గేజీ చూసుకోవాలి, చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య లేకపోతే నీళ్లు నింపుకోవాలి. పైన వేడిగా ఉండి కింద చల్లగా ఉందంటే అది గాలి కాదు, అడుగున మడ్డి. మన సోలార్‌కూ ఈ మడ్డి బాధ ఉంటుంది, బోరు నీళ్లయితే గొట్టాల అడుగున సున్నం పేరుకుంటుంది. నీ సమస్య అది కాదులే, కింద బాగానే వస్తున్నాయి కదా.

హన్మకొండ డాబా:
యాంగిల్ కాక్ కట్టేసి చూశాను, అదే గుడగుడ, కాబట్టి గాలే. గాలి పైపు మూతి తెరిచే ఉంది, ఎత్తు కూడా సరిపోయింది. మరి ఈ గాలిని తీసేదెట్లా? రేడియేటర్‌కు ఉన్నట్టు మనకు స్క్రూ ఏం లేదు కదా.

కాజీపేట మేస్త్రీ:
స్క్రూ లేదు గానీ నీకు పంపు ఉంది, దాంతోనే వెనక్కి తోయొచ్చు. అయితే గాలి పైపు తెరిచి ఉందని చూశాకే ఈ పని చేయాలి, లేకపోతే పంపు బలమంతా సోలార్ ట్యాంకు మీద పడుతుంది. డాబా మీద గాలి పైపు దగ్గర ఎవరూ నిలబడొద్దు, పిల్లల్ని అసలు పంపొద్దు, వేడినీళ్లు ఎగజిమ్మొచ్చు. షవర్ కట్టేసి, మిక్సర్ మూతికి తడిగుడ్డ మడిచి అరచేత్తో గట్టిగా అదిమిపట్టు. వేడి నల్లా పూర్తిగా తిప్పి, చన్నీళ్ల నల్లా మెల్లగా తెరువు. చన్నీళ్లు బయటికి దారి లేక వేడి లైనులోకి ఎక్కి గాలిని ట్యాంకులోకి నెడతాయి, అది గాలి పైపులోంచి పోతుంది. పైపులో బుడబుడమని శబ్దం తగ్గేదాకా పట్టి ఉంచి, చన్నీళ్లు కట్టేసి చెయ్యి తియ్యి. మొదట చల్లటివే వస్తాయి, ఆగు, వెనకాల వేడివి వస్తాయి.

హన్మకొండ డాబా:
చెయ్యి తీయగానే రెండు మూడుసార్లు తుపుక్కుమని, ఆ తర్వాత నిండు ధార! షవర్ కూడా పనిచేసింది. పై వాళ్ల పాప చప్పట్లు కొట్టింది. కానీ నిన్న కరెంటు పోయి మోటారు ఆలస్యమై ట్యాంకు ఖాళీ అయింది, ఈ పొద్దున మళ్లీ గుడగుడ. ప్రతిసారీ గుడ్డ పట్టుకుని కూర్చోలేను కదా మేస్త్రీ.

కాజీపేట మేస్త్రీ:
అందుకే ఆ ఎత్తే తీసేయాలి. పిట్టగోడ ఎక్కించకుండా గోడ అడుగున పైపు పట్టేంత రంధ్రం కొట్టించి అందులోంచి లైను తీయించు, ట్యాంకు నుంచి బాత్రూం దాకా ఎక్కడా పైకి లేవకుండా వాలుగా దిగాలి. రంధ్రం చుట్టూ వాటర్‌ప్రూఫ్ మసాలా పెట్టకపోతే వానాకాలం గోడ చెమ్మ పడుతుంది. సీపీవీసీ పైపే వేయించు, మామూలు పీవీసీ వేడికి మెత్తబడి వంగుతుంది. సీపీవీసీ కూడా ఎండకు మధ్యలో జారి సాగుతుంది, మూడడుగులకో క్లాంపు తప్పదు, లేకుంటే ఆ వంపుల్లో మళ్లీ గాలి.

గోడకు రంధ్రం వద్దనుకుంటే పిట్టగోడ మీది ముక్కలో టీ జాయింటు (మూడు మూతులది) వేసి, అర అంగుళం పైపును చన్నీళ్ల ట్యాంకు మట్టం దాటేదాకా నిలువుగా లేపి, చివర రెండు ఎల్బోలతో మూతి కిందికి వంచాలి, ఆకులు పడవు. అక్క చెప్పిన కోతుల సంగతి గుర్తుంచుకుని కట్టు. నేనైతే రంధ్రానికే ఓటేస్తా.

మిక్సర్ దగ్గర వేడి లైనుకు ఒక ఎన్‌ఆర్‌వీ, అంటే నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వు, కూడా పెట్టించు, పంపు ఉన్న ఇంటికి అది అవసరం. స్ప్రింగ్ రకం వద్దు, మన కొద్దిపాటి ఒత్తిడికి తెరుచుకోదు, లోపల రేకు ఊగే రకం అడుగు. కాకపోతే అది బిగించాక అరచేతి చిట్కా పనిచేయదు, కాబట్టి ముందు వాలు సరిచేయించి, వారం చూసి, అప్పుడు పెట్టించు.