అప్‌డేట్: రెండుసార్లు తట్టినా వెలగని స్క్రీన్, తారుమారైన బ్యాక్ బటన్ (పరిష్కారం దొరికింది)

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత అమ్మ ఫోన్ రెండుసార్లు తట్టినా వెలగట్లేదని, బ్యాక్ బటన్ కుడి నుంచి ఎడమకి వెళ్లిపోయిందని పోయిన వారం అడిగాను కదా. రెండూ సర్దుకున్నాయి. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్.

బ్యాటరీ సేవర్ చూడమన్నవాళ్లే కరెక్ట్. స్క్రీన్ ఆరిపోయాక కూడా టచ్ కొంచెం మెలకువగా ఉంటేనే తట్టిన సంగతి ఫోన్‌కి తెలుస్తుంది; అమ్మ ఫోన్‌లో సేవర్ దాన్నీ పడుకోబెట్టేసింది. సేవర్ ఆపి, సెట్టింగ్స్‌లో డబుల్ ట్యాప్ మళ్లీ ఆన్ చేశా. బటన్ల వరస మార్చేది డిస్‌ప్లేలో నావిగేషన్ బార్ కింద దొరికింది. బటన్లకి బదులు స్క్రీన్ మీద వేలు జరిపే స్వైప్ జెస్చర్స్ పెట్టమన్నారు గానీ, అమ్మ బొటనవేలు చూడకుండానే కుడి మూలకి వెళ్తుంది. ఆ అలవాటు మార్చడం నాకిష్టం లేదు.

స్క్రీన్ గార్డ్ ఊరికే పీకేశా, దానికీ దీనికీ సంబంధం లేదు. ఫ్యాక్టరీ రీసెట్ అవసరమే పడలేదు.