విండోస్ 10 ఆగిపోయింది కదా, గిటార్ రికార్డింగ్ ల్యాప్‌టాప్‌లను ఏం చేస్తున్నారు?

ఏడోతరం_ఐ5
అందరికీ నమస్కారం. నాది ఇంటెల్ ఏడో తరం ఐ5 ల్యాప్‌టాప్. విండోస్ 11 ఎక్కదట. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో అప్‌డేట్లు ఆపేశారు. నేను దీన్ని గిటార్ రికార్డింగుకే వాడతాను గానీ, మా ఆవిడ బ్యాంకు పనులు కూడా దీని మీదే చూసుకుంటుంది. మూడు సందేహాలు. ఒకటి, నెట్ పీకేసి రికార్డింగుకు మాత్రమే ఉంచుకుంటే ఫర్వాలేదా? రెండు, బ్లూటూత్ ఆంప్ (గిటార్ యాంప్లిఫయర్) యాప్ నా పాత ఫోన్‌లో లొకేషన్ పర్మిషన్ అడుగుతోంది, ఇవ్వాలా? మూడు, ఛార్జర్ పెట్టగానే గుయ్‌మని హమ్ వస్తోంది, తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతోంది. గిటార్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ మార్చాలా?

కాకినాడ_తుప్పు
విండోస్ సంగతి నాకు తెలియదు. మీది సముద్రం పక్క ఊరైతే మాత్రం ముందు తీగలు చూసుకోండి. ఇక్కడ మామూలు నికెల్ తీగలు వేస్తే నెల తిరక్కుండానే మూడో తీగ గరుకెక్కుతుంది. కోటింగ్ ఉన్నవి వేయండి. ధర రెట్టింపు కంటే ఎక్కువే, అయినా అదే చవక. వాయించాక పొడిగుడ్డతో తీగ కింది వైపు కూడా తుడవాలి. ఆ కింది వైపు ఎవరూ తుడవరు.

మూడుపిన్నుల_మనిషి
తీగ ముట్టుకుంటే హమ్ తగ్గిందంటే మీ ఇంట్లో ఎర్తింగ్ లేదన్నమాట. ఇంటర్‌ఫేస్ మార్చినా ఆంప్ మార్చినా డబ్బు దండగ. నేను విద్యుత్ శాఖలో చేసి రిటైరైన వాణ్ణి, ఇలాంటి ఇళ్లు వందలు చూశాను. సాకెట్‌కి మూడు కన్నాలుంటాయి, మూడోదాని వెనక వైరు ఉండదు. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

టంకం_బాబు
పెద్దవారు, కాదనడం బాగుండదు గానీ అది తప్పు సార్. తీగ ముట్టుకుంటే హమ్ తగ్గడం గిటార్ బాగుందనడానికి గుర్తు. తీగలు ఆనే బ్రిడ్జి కింద నుంచి ఒక గ్రౌండ్ వైరు, వాల్యూమ్ తిప్పే పాట్ వెనక్కి వెళ్తుంది. మన ఒళ్లే యాంటెన్నాలా చుట్టుపక్కల నాయిస్ అంతా పట్టి, తీగల కదలికను పట్టే పికప్‌కి ఇస్తుంది. తీగ ముట్టుకోగానే ఒళ్లు కూడా గ్రౌండ్ అవుతుంది కాబట్టి నాయిస్ తగ్గుతుంది. ముట్టుకుంటే *పెరిగితే* కంగారు పడాలి. అప్పుడు జాక్ దగ్గర వైర్లు తారుమారై ఉంటాయి. లోపల రాగిరేకు అంటించి షీల్డింగ్ చేయించండి.

మూడుపిన్నుల_మనిషి
నాలుగు వీడియోలు చూసి మాట్లాడొద్దు నాయనా. ఆయన "ఛార్జర్ పెట్టగానే" అన్నాడు. గిటార్ వైరింగే కారణమైతే బ్యాటరీ మీద కూడా రావాలిగా?

టంకం_బాబు
సార్, నేను వీడియోలు చూడను, పికప్‌లు చుట్టుకుంటాను. ఇంటి ఎర్త్‌కీ ముట్టుకుంటే తగ్గడానికీ సంబంధం లేదని చెప్తున్నాను, అంతే. ఛార్జర్ వేరే విషయం.

రాక్‌స్టార్_రాజమండ్రి
ఇంత గొడవెందుకు? ల్యాప్‌టాప్ ఛార్జర్ ప్లగ్ మూడో పిన్ను పీకేయండి, హమ్ పోతుంది. మా బ్యాండ్‌లో అందరం అదే చేశాం 😎

మూడుపిన్నుల_మనిషి
ఇలాంటి సలహా ఇచ్చేవాణ్ణి ఏమనాలో కూడా తెలియడం లేదు.

టంకం_బాబు
ఈ ఒక్క విషయంలో సార్ మాటే నా మాట. రాజమండ్రీ, 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వీ స్టేజీ మీదే చనిపోయాడు. చేతిలో గిటార్ ఉంది, ఎర్త్ లేని మైకు ముట్టుకున్నాడు. గిటార్ తీగలు ఆంప్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి, మైకు వేరే పీఏ (హాలు స్పీకర్ల సెట్టు) నుంచి వస్తుంది. ఒకదానికి ఎర్త్ ఉండి ఇంకోదానికి లేకపోతే మధ్యలో తీగ నువ్వే. పాడేటప్పుడు మైకు పెదవికి చురుక్కుమంటుందని నవ్వుతూ చెప్పుకుంటారే, అది నవ్వే విషయం కాదు.

రాక్‌స్టార్_రాజమండ్రి
సరే సరే, జోక్ చేశాను.

చార్మినార్_చోరస్
అన్నా, అసలు మాట ఎవరూ మాట్లాడరేంది? ఆ ల్యాప్‌టాప్‌లో క్రాక్ ప్లగిన్లు, అంటే దొంగ కాపీ సౌండ్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయా లేవా, అది చెప్పు ముందు. మా బేసిస్టు ఒక రివర్బ్ ప్లగిన్ క్రాక్ దింపాడు. అందులో రీడ్‌మీ ఫైల్ మొదటి లైనే "యాంటీవైరస్ ఆపండి". ఆపాడు. ప్లగిన్ బ్రహ్మాండంగా పనిచేసింది. రెండు రోజులకు వాడి మెయిల్ పోయింది, మెయిల్ వెనకాల బ్యాండ్ వీడియో ఛానల్ పోయింది. ఓటీపీ రాలే, పాస్‌వర్డ్ అడగలే. బ్రౌజర్‌లో లాగిన్ అయి ఉంటామే, ఆ కుకీలు తీస్కపోయారు. కుకీ చేతికొస్తే లాగిన్ అయిపోయినట్టే, రెండంచెల రక్షణ ఉన్నా అడ్డం పడదు. విండోస్ 10 వయసైపోయిందని బాధపడుడు తర్వాత, ముందు క్రాకులు తీసి పారెయ్.

డల్లాస్_డిలే
విండోస్ వదిలేసి లినక్స్ వేసుకోండి. నాది ఇంకా పాతది, నాలుగో తరం. క్లాస్ కంప్లయంట్ ఇంటర్‌ఫేస్ అయితే డ్రైవర్ కూడా అక్కర్లేదు, తగిలించగానే పట్టేసింది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్‌కి లినక్స్ వెర్షన్ ఉంది. ఆంప్ కావాలంటే న్యూరల్ ఆంప్ మోడలర్ ఉంది, ఉచితం, ఓపెన్ సోర్స్. క్రాకులతో పనేముంది? 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిల్ బఫర్ పెట్టుకుని వాయిస్తున్నాను.

చార్మినార్_చోరస్
బఫర్ లెక్కన ఆలస్యం 2.7 మిల్లీసెకన్లే. రావడం పోవడం, కన్వర్టర్లు అన్నీ కలిపి ఎంతొస్తుందో కొలిచి చెప్పు అన్నా. లినక్స్ వాళ్లు అందరూ బఫర్ నంబరే చెప్తారు.

డల్లాస్_డిలే
కొలిచాను. వాయించేవాడికి తెలియనంత. నంబర్ కావాలంటే ఆదివారం పెడతా.

ఏడోతరం_ఐ5
క్రాకులు లేవండీ, అన్నీ కొన్నవే లేదా ఉచితంగా వచ్చినవే. లినక్స్ అంటే మా ఆవిడ ఒప్పుకోదు. అసలు నెట్ పీకేస్తే చాలా అని కదా అడిగాను?

సెక్యూరిటీ_సాంబారు
చాలు, కాకపోతే కొన్ని సంగతులు. నెట్ లేని మెషీన్‌లోకి ఏదైనా వస్తే పెన్‌డ్రైవ్ ద్వారానే వస్తుంది. కాబట్టి జిరాక్స్ షాపుకి తిరిగే పెన్‌డ్రైవ్ దానికి గుచ్చొద్దు, పాటల ఫైళ్లకు ఒకటి విడిగా పెట్టుకోండి. కొన్ని ప్లగిన్లు లైసెన్స్ కోసం అప్పుడప్పుడు నెట్ అడుగుతాయి, అది చూసుకోండి. బ్యాంకు పనులు మాత్రం ఇవాళే దాని మీద ఆపించండి.

నెట్ ఉండాల్సిందే అంటే ఇంకో దారి ఉంది. ఇళ్లలో వాడే కంప్యూటర్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం 2026 అక్టోబర్ 13 దాకా ఇస్తున్నారు. 22హెచ్2 వెర్షన్ ఉండాలి. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలోనే చేరమని లింకు వస్తుంది. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు, లేదంటే 1000 రివార్డ్ పాయింట్లు, అవీ లేకపోతే 30 డాలర్లు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ మాత్రం తప్పనిసరి. మంచి మెషీన్‌ని చెత్తబుట్టలో వేయమనడం నాకు నచ్చలేదు, కానీ అప్పటిదాకా టైమ్ దొరికింది కదా, వాడుకోండి.

గోదారి_గిగ్
బ్యాంకు అంటే గుర్తొచ్చింది. మా మేనమామకి వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ వచ్చింది. తెరిస్తే కార్డు కాదు, ఏపీకే ఫైల్, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్. ఇన్‌స్టాల్ చేసేశాడు. ఎస్సెమ్మెస్‌లు చదివే పర్మిషన్ ఇచ్చాడు. ఇక ఓటీపీలన్నీ వాళ్లకే. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాం, కొంత డబ్బు ఆపగలిగారు. ఇప్పుడు నిజం శుభలేఖ పంపినా ఆయన తెరవడు. మొన్న మా అక్క కూతురి పెళ్లికి అలిగాడు, పిలవలేదని!

చార్మినార్_చోరస్
😂 మాకు చలాన్ పేరుతో వస్తున్నాయి. అదీ ఏపీకేనే.

డల్లాస్_డిలే
మీ దగ్గర ప్రతి ఫోన్‌లోనూ ప్రభుత్వ యాప్ సంచార్ సాథీ ముందే వేసి ఇవ్వమన్నారట కదా? మోసాలు తగ్గుతాయేమో.

సెక్యూరిటీ_సాంబారు
ఆ ఆర్డర్ వెనక్కి తీసుకున్నారు, 2025 డిసెంబర్ 3న. యాప్ పనికొచ్చేదే. పోయిన ఫోన్ బ్లాక్ చేయించవచ్చు, మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడవచ్చు. అవి వెబ్‌సైట్‌లో కూడా ఉన్నాయి. కానీ ఎవరి ఫోన్‌లో ఏ యాప్ ఉండాలో వాళ్లే తేల్చుకోవాలి. పనికొచ్చేదైతే జనమే వేసుకుంటారు.

మూడుపిన్నుల_మనిషి
ప్రభుత్వం ఏం చేసినా మీకు అనుమానమే. ఎర్తింగ్ కూడా ప్రభుత్వం రూలే, మరి దాన్నీ పీకేస్తారా?

సెక్యూరిటీ_సాంబారు
సార్, దానికీ దీనికీ పోలికేంటండీ.

ఏడోతరం_ఐ5
మా వీధి ఎలక్ట్రీషియన్ వచ్చి మల్టీమీటర్ పెట్టాడు. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 228 వోల్టులు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 94. ఊరికే ఊగుతోంది అన్నాడు. ల్యాప్‌టాప్ రేకు మీద వేలు రాస్తే జిమ్మంటోంది, ఇన్నాళ్లూ అది చలికాలం స్టాటిక్ అనుకున్నాం. ఓనర్‌కి చెప్తే "ఇంతవరకు ఏ అద్దెవాళ్లకీ కొట్టని షాకు మీకే కొట్టిందా" అన్నాడు.

మూడుపిన్నుల_మనిషి
నేను మొదటే చెప్పాను! ఎర్త్ ఉంటే ఆ రెండో అంకె కూడా 230 దగ్గరికి రావాలి. ఓనర్‌ని ఎర్త్ పిట్ చూపించమనండి. బొగ్గూ ఉప్పూ వేసి పైపు దించి ఉంటే, వేసవిలో నీళ్లు పోయక ఎండిపోయి ఉంటుంది. అసలు పిట్టే లేకపోతే కొత్తది వేయించాల్సిందే. చిన్న ఖర్చే. టంకం బాబు గారు ఎక్కడ?

టంకం_బాబు
ఇక్కడే ఉన్నానండీ. ఎర్త్ లేదన్నది నిజం, మీరు చెప్పిన కారణం మాత్రం తప్పు. ఎర్త్ చక్కగా ఉన్న ఇంట్లో కూడా సింగిల్ కాయిల్ పికప్ ఉన్న గిటార్ తీగ ముట్టుకుంటే హమ్ తగ్గుతుంది. రండి మా ఇంటికి, చూపిస్తా. ఛార్జర్ లోపల ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి లీకయ్యే కరెంటుకి పోయే దారి లేక, రేకు మీదికీ ఇంటర్‌ఫేస్ గ్రౌండ్ మీదికీ వచ్చింది. బ్యాటరీ మీద రికార్డ్ చేసి చూడండి, చాలావరకు పోతుంది. మిగిలిన కాస్త హమ్‌కి షీల్డింగ్.

మూడుపిన్నుల_మనిషి
అంటే నేను చెప్పిందే మీరు తిప్పి చెప్పారు.

టంకం_బాబు
కాదు సార్!!

కాకినాడ_తుప్పు
ఎర్త్ లేకపోయినా తీగలు తుప్పు పడతాయి, గమనించగలరు.

ఏడోతరం_ఐ5
ఇద్దరికీ దండం. నా లొకేషన్ ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

సెక్యూరిటీ_సాంబారు
సారీ బ్రదర్. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 దాకా బ్లూటూత్ పరికరాల కోసం యాప్ వెతకాలంటే లొకేషన్ పర్మిషన్ ఉండాల్సిందే. చుట్టూ ఉన్న బ్లూటూత్ పరికరాలను బట్టి మనం ఎక్కడున్నామో పట్టేయొచ్చు కాబట్టి గూగుల్ అలా పెట్టింది. ఆండ్రాయిడ్ 12 నుంచి దగ్గర్లోని పరికరాలకు విడిగా పర్మిషన్ వచ్చింది. మీది పాత ఫోన్ అన్నారు కాబట్టి "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అని కనిపిస్తే అదే ఇవ్వండి, జత కుదిరాక తీసేసి చూడండి. ఆంప్ యాప్ కాంటాక్టులు అడిగితే మాత్రం అన్‌ఇన్‌స్టాల్ కొట్టండి.

రాక్‌స్టార్_రాజమండ్రి
అందరూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మా తమ్ముడు డిస్టార్షన్ పెడల్‌కి సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ పెట్టేశాడు. లైటు వెలగట్లేదు.

టంకం_బాబు
12 వోల్టులు, మధ్యలో పాజిటివ్ అయి ఉంటుంది. పెడల్‌కి మామూలుగా 9 వోల్టులు, మధ్యలో నెగటివ్. అడాప్టర్ మీద చిన్న బొమ్మ ఉంటుంది, చూసి చెప్పు. వెనక మూత తీసి పవర్ జాక్ పక్కన ఫొటో తీసి పెట్టు. చాలా పెడల్స్‌లో అక్కడ ఒక నల్ల డయోడ్ ఉంటుంది. ఉల్టా కరెంటు వస్తే అది తను కాలి మిగతావాటిని కాపాడుతుంది. అదొక్కటే పోతే పది రూపాయల పని.

రాక్‌స్టార్_రాజమండ్రి
మూత స్క్రూలు రావట్లేదు అన్నా, తుప్పు పట్టాయి.

కాకినాడ_తుప్పు
నేను వస్తున్నా ఆగు.