ఎల్క్ వేటకు ఏటీవీనా, సైడ్ బై సైడా?

అరోరా_నెల్లూరు:
అందరికీ నమస్కారం. మేము డెన్వర్ పక్కన అరోరాలో ఉంటాం. ఈ ఏడాది కొలరాడో రైఫిల్ సీజన్‌లో ఎల్క్ (పెద్ద జింక జాతి) ట్యాగ్, అంటే ఒక జంతువును వేటాడే అనుమతి, తీసుకుంటున్నాను. ఇన్నాళ్లూ స్నేహితుల బండ్లతో నెట్టుకొచ్చాను, ఇక సొంతంగా కొనాలి. వెళ్లేది పశ్చిమ కొలరాడోలోని గ్రాండ్ మెసా, అన్‌కంపాగ్రే పీఠభూముల వైపు. దారి నిండా రాళ్లు, వాన పడితే బంక బురద, ఎత్తు పది వేల అడుగులు దాటుతుంది. బడ్జెట్ 12 వేల డాలర్లు. మా నాన్నకు 67 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆయన వేటాడరు గానీ క్యాంపు దాకా వస్తానంటున్నారు. అడవి దారుల్లో నడిపే, హ్యాండిల్ బార్ ఉన్న మామూలు నాలుగు చక్రాల ఏటీవీ కొనాలా, స్టీరింగు, పక్కపక్కన సీట్లు ఉన్న సైడ్ బై సైడ్ కొనాలా? వాడినవాళ్లు చెప్పండి.

గేర్‌బాక్స్:
ఏటీవీ కొనండి. అది కూడా గేర్ల బండే కొనండి, బెల్టు బండి వద్దు.

పొలారిస్, క్యాన్‌ఆమ్, యమహా ఏటీవీల్లో ఇంజను శక్తిని చక్రాలకు చేర్చేది రబ్బరు బెల్టు. హోండా రాంచర్, ఫోర్‌మన్, రూబికాన్‌లలో అచ్చమైన గేర్లు ఉంటాయి. బెల్టు నీళ్లలో తడిస్తే జారుతుంది, బరువు మీద మెట్ట ఎక్కిస్తే కాలుతుంది. నాకు ఒకసారి చీకటి పడే వేళ, వెనక సామాను కట్టే రాక్ మీద ఎల్క్ తొడలు కట్టి ఉండగా, లోయలో బెల్టు తెగింది. ఏ కంపెనీ అన్నది రాయను. ముందు కాలిన రబ్బరు వాసన వచ్చింది, తర్వాత ఇంజను అరుస్తోంది, బండి మాత్రం కదలడం లేదు. మాంసం చెట్టుకు వేలాడదీసి రాత్రంతా నడిచి బయటపడ్డాను. గేర్ల బండికి ఆ భయం ఉండదు.

బాయిజ్_బాబాయ్:
స్పేర్ బెల్టు, దాన్ని విప్పే పనిముట్లు వెంట ఉంచుకుంటే సరిపోతుంది కదా.

గేర్‌బాక్స్:
చీకట్లో, చలిలో, బురదలో కవరు విప్పి బెల్టు మార్చి చూడండి బాబాయ్ గారూ, అప్పుడు మాట్లాడదాం.

గ్రాండ్‌మెసా:
నెల్లూరు గారూ, సైడ్ బై సైడ్ తీసుకోండి. నేను ఆ వైపే వేటాడతాను కాబట్టి చెబుతున్నా.

ముందు బెల్టు సంగతి. బెల్టు కాలేది ఎక్కువగా నడిపే తీరు వల్ల. చాలామంది బరువు వేసుకుని, రాళ్ల మెట్టను హై గేర్‌లో మెల్లగా ఎక్కిస్తారు. అప్పుడు బెల్టు పట్టు తప్పి జారి వేడెక్కుతుంది. అలాంటి చోట లో గేర్‌లో వేయాలని బండితో వచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. నాది బెల్టు బండే, లో గేర్‌లో నడుపుతాను, ఇప్పటిదాకా తెగలేదు.

ఇక అసలు సంగతి మీ నాన్నగారు. ఏటీవీలు చాలావరకు ఒక్కరి కోసమే తయారుచేస్తారు. వెనక ఇంకొకర్ని కూర్చోబెడితే బరువు వెనక్కి పోయి, ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేస్తాయి. ఒక్కరి ఏటీవీ మీద రెండో మనిషిని ఎక్కించవద్దని అమెరికా ప్రభుత్వ వినియోగదారుల భద్రతా కమిషన్ ఎప్పటినుంచో చెబుతోంది. ఏటీవీ పక్కకు పడితే నడిపేవాడి మీదే పడుతుంది. సైడ్ బై సైడ్‌లో చుట్టూ ఇనుప చట్రం, సీటు బెల్టు ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయనకు ఇంకో దారి లేదు.

బాయిజ్_బాబాయ్:
ఇద్దరు కూర్చునేలా చేసిన ఏటీవీలూ ఉన్నాయి. క్యాన్‌ఆమ్ అవుట్‌ల్యాండర్ మ్యాక్స్, పొలారిస్ స్పోర్ట్స్‌మన్ టూరింగ్.

గేర్‌బాక్స్:
అవి కూడా బెల్టు బండ్లే.

వెడల్పు గురించి ఎవరూ మాట్లాడడం లేదేం? ఫారెస్ట్ సర్వీసు (అమెరికా కేంద్ర అటవీ శాఖ) ట్రెయిళ్లలో, అంటే అడవి బాటల్లో, చాలావాటికి 50 అంగుళాల హద్దు ఉంది. మామూలు ఏటీవీ 48 అంగుళాలలోపే ఉంటుంది. పెద్ద సైడ్ బై సైడ్‌లు 60 అంగుళాలు దాటుతాయి. వాటితో ఆ ట్రెయిలు మొదట్లోనే ఆగిపోవాలి. ఏటీవీ అయితే పికప్ వెనకే ఎక్కుతుంది, పెద్ద సైడ్ బై సైడ్‌కు ట్రెయిలర్ కావాలి. ఆ బంక బురదలో ట్రెయిలర్ లాగిన మనిషిని అడగండి.

హ్యూస్టన్_పల్నాడు:
మేము టెక్సాస్‌లో అడవి పందుల వేటకు వెళ్తాం. అందరిదీ సైడ్ బై సైడే. వెనక తొట్టిలో పందులు, ఐసు పెట్టె, మేత అన్నీ పడతాయి. ఏటీవీలు అమ్మేసి చాలా కాలమైంది.

గేర్‌బాక్స్:
పల్నాడు గారూ, మీది కంచె వేసిన ప్రైవేటు రాంచ్. పైగా అక్కడ యజమాని ఒప్పుకుంటే పందులకు 2019 నుంచి లైసెన్సు కూడా అక్కర్లేదు. ఇక్కడిది ప్రభుత్వ అడవి. ఎంవీయూఎం అనే మ్యాపులో గీత ఉన్న దారిలోనే, అందులో రాసిన తేదీల్లోనే బండి నడపాలి. మ్యాపులో దారి లేకపోతే నేల మీద పాత చక్రాల గుర్తులున్నా అటు వెళ్లకూడదు. ఆ రెండు వేటలకూ పోలిక పెట్టకండి.

హ్యూస్టన్_పల్నాడు:
నాకు తెలిసింది చెప్పాను. బాగుంటే తీసుకోండి.

వరంగల్_వాసి:
నేను ఊళ్లోనే ఉంటాను. ఒక సందేహం. మన దగ్గర జింకను కొడితే జైలు. అక్కడ ఇంత బహిరంగంగా వేట గురించి మాట్లాడుకుంటున్నారు, తప్పు అనిపించదా?

బాయిజ్_బాబాయ్:
మన దేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వల్ల వేట దాదాపు పూర్తిగా నిషేధం. ఇక్కడ ఏ జోన్‌లో ఎన్ని జంతువులను తీయవచ్చో రాష్ట్రం లెక్క కట్టి ట్యాగులు ఇస్తుంది. ట్యాగుల డబ్బుతోనే వన్యప్రాణి శాఖ చాలావరకు నడుస్తుంది. 1937 నాటి పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వేసే పన్ను కూడా జంతువుల సంరక్షణకు పోతుంది. తినదగ్గ మాంసం వదిలేసి వస్తే కేసు పెడతారు. అంతకుమించి ఇక్కడ వద్దు, వేరే చర్చ పెట్టండి, రాస్తాను.

ప్లేనో_గుంటూరు:
హెచ్1బీ మీద ఉన్నవాళ్లు చదువుతుంటే ఒక మాట. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ముందు లైసెన్సు, తర్వాతే తుపాకీ.

గ్రాండ్‌మెసా:
గేర్‌బాక్స్ గారూ, మీ అభ్యంతరాలు రెండు. ఒకటి బెల్టు, రెండోది 50 అంగుళాలు. రెండూ లేని బండి ఉంది. హోండా పయొనీర్ 520. వెడల్పు సరిగ్గా 50 అంగుళాలు, ఇద్దరు కూర్చోవచ్చు, గేర్లే, బెల్టు లేదు. వెనక తొట్టి 450 పౌండ్లు మోస్తుంది. పెద్ద మగ ఎల్క్ బతికున్నప్పుడు 700 పౌండ్లు ఉండొచ్చు. ఎముక తీసిన మాంసం 200 నుంచి 250 పౌండ్ల మధ్య వస్తుంది. ఒకే విడతలో వచ్చేస్తుంది. అదే పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 570 చూడండి, వెనక రాక్ 180, ముందు రాక్ 90. కాగితం మీద సరిపోతుంది గానీ అంత ఎత్తులో అంత బరువు కట్టి పక్క వాలులో నడపాలి. ఇక మీకు నచ్చిన రాంచర్ మామూలు మోడల్‌లో వెనక ఇరుసు ఒకే కడ్డీ. దాని గూడు కిందికి వేలాడుతూ ఆ మెసా రాళ్లకు తగులుతుంది.

నెల్లూరు గారి బడ్జెట్‌లో ఆ పయొనీర్ వస్తుంది. ఇప్పుడు చెప్పండి, అభ్యంతరం ఏమిటి?

గేర్‌బాక్స్:
అయినా వద్దంటాను.

గ్రాండ్‌మెసా:
ఎందుకు వద్దు? బెల్టు లేదు, వెడల్పు సరిపోతుంది. కారణం చెప్పండి.

బాయిజ్_బాబాయ్:
ఈ మధ్యలో చిన్న మాట. పది వేల అడుగుల మీద మామూలు ఇంజను శక్తిలో 30 శాతం దాకా పోగొట్టుకుంటుంది. అమ్మేచోట నడిపి చూసి అలాగే ఉంటుందనుకోకండి. కార్బొరేటర్ ఉన్న పాత బండి తక్కువకు వస్తుందని తీసుకోకండి, ఫ్యూయల్ ఇంజెక్షనే కావాలి. ఇరుక్కున్న బండిని తాడుతో లాగే వించ్ ఒకటి, టైరు పంక్చర్ కిట్ తప్పనిసరి. టైర్లు ఆరు ప్లైవి, అంటే మందమైన పొరలవి, వేయించండి.

గేర్‌బాక్స్:
కారణం అడిగారు కాబట్టి చెబుతాను. సౌకర్యంగా కూర్చునే బండి చేతిలో ఉంటే మనిషి దిగడు. హీటరు, అద్దం, పైన కప్పు అన్నీ బిగించుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా దారుల వెంట తిరుగుతూ ఎల్క్ కోసం చూస్తుంటాడు. ఒరెగాన్‌లోని స్టార్కీ ప్రయోగ అడవిలో ఎల్క్‌లకు జాడ తెలిపే కాలర్లు కట్టి చూశారు. నడిచేవాళ్లు, గుర్రాల మీద వెళ్లేవాళ్లు, సైకిళ్లు, ఏటీవీలు, ఈ నాలుగింటిలో ఎల్క్‌లు అన్నిటికన్నా ఎక్కువగా చెదిరింది ఏటీవీలకే. బండి మాంసం తేవడానికి కావాలి, వేటాడటానికి కాదు. ఏటీవీ మీద చలికి గంటసేపు కూర్చోలేం, దిగి నడుస్తాం. అందుకే అది చాలు.

గ్రాండ్‌మెసా:
ఆ పరిశోధనలో చెదరగొట్టింది ఏటీవీలే అంటున్నారు, మళ్లీ ఏటీవీనే కొనమంటున్నారు. నడిచేవాళ్లను చూసి కూడా ఎల్క్‌లు తప్పుకున్నాయి, అది కూడా అందులోనే ఉంది.

నేను బండి మీద తిరిగి వేటాడను. తెల్లారకముందే ఒక చోట ఆపి ఇంజను కట్టేసి, బైనాక్యులర్‌తో వాలులన్నీ చూస్తాను. కొలరాడో నిబంధన ప్రకారం బండి మీద రైఫిలు పూర్తిగా మూసిన కేసులో ఉండాలి, ఛాంబరు, మ్యాగజీను రెండూ ఖాళీగా ఉండాలి. నాది అలాగే ఉంటుంది. నా గురించి తెలియకుండా మాట్లాడకండి.

గేర్‌బాక్స్:
మీ గురించి అన్నానా? నేను చూసినవాళ్ల గురించి అన్నాను. గేటు వేసి మూసిన దారి. చీకట్లోనే లేచి గేటు దాటి రెండు గంటలు పైకి నడిచి కూర్చున్నాను. వెలుగు వచ్చేసరికి కింద మైదానంలో ఎల్క్ మంద మేస్తోంది. నేను ఇంకా దగ్గరికి జరుగుతుండగా రెండు సైడ్ బై సైడ్‌లు గేటు పక్కనున్న పొదల్లోంచి చుట్టు తిరిగి పైకి వచ్చాయి. మంద శిఖరం దాటి వెళ్లిపోయింది. వాళ్లు నన్ను చూసి చెయ్యి ఊపారు. ఆ ట్యాగ్ డ్రాలో ముందు రావడానికి నేను ఏళ్ల తరబడి పాయింట్లు కూడబెట్టాను. ఇది నాకు ఇప్పటికీ బాధే.

అరోరా_నెల్లూరు:
అన్నా, అది వాళ్ల తప్పు. బండిది కాదు కదా?

గేర్‌బాక్స్:
తమ్ముడూ, దారి ఉంటే బండి వస్తుంది. బండి పెద్దదయ్యేకొద్దీ ఇంకా లోపలికి వస్తుంది.

గ్రాండ్‌మెసా:
ఇప్పుడు బయటికొచ్చింది. మీ గొడవ బెల్టుతో కాదు, వెడల్పుతో కాదు. నడవలేనివాడు అడవికి రాకూడదు, అదీ మీ మాట.

నాకు వెన్నుకు ఆపరేషన్ జరిగింది. అంతకుముందు నేనూ మీలాగే బరువు మోసుకుని నడిచేవాణ్ణి. ఇప్పుడు మైలు దాటితే ఎడమ కాలు తిమ్మిరెక్కుతుంది. ఆ తర్వాత మొదటి సీజన్‌లో ట్రెయిలు దగ్గర ఒకతను నా బండి చూసి, ఇలా వచ్చేవాళ్లు ఇంట్లో ఉంటే మేలు అన్నాడు. నా కొడుకు పక్కనే ఉన్నాడు. ఆ మాట ఈ రోజు మీ దగ్గర మళ్లీ విన్నాను.

గేర్‌బాక్స్:
నేను ఆ మాట అనలేదు. మీ వెన్ను గురించి నాకు తెలియదు, తెలిసినా ఆ మాట అనను.

బాయిజ్_బాబాయ్:
ఇద్దరూ కాస్త శాంతించండి.

గేర్‌బాక్స్:
శాంతంగానే రాస్తున్నాను బాబాయ్ గారూ. దాపరికం లేకుండా చెబుతాను. 2005లో ఫారెస్ట్ సర్వీసు తెచ్చిన ప్రయాణ నిబంధన ప్రకారం ప్రతి అడవిలో ఏ దారిలో బండి వెళ్లవచ్చో వాళ్లు నిర్ణయించాలి, మార్చే ముందు జనం అభిప్రాయం అడగాలి. నేను వేటాడే వైపు కొన్ని పక్క దారులు మూసే ప్రతిపాదన వచ్చినప్పుడు మూయమని రాశాను. వేట కాలంలో ఎల్క్‌కు దాక్కోవడానికి దారి లేని చోటు ఉండాలి. లేకపోతే మంద మొత్తం ప్రైవేటు భూముల్లోకి పోతుంది, అక్కడికి మీరూ రాలేరు, నేనూ రాలేను. వైల్డర్‌నెస్ ఉంది కదా అంటారు. 1964 వైల్డర్‌నెస్ చట్టం వల్ల అలా ప్రకటించిన అడవుల్లో మోటారే కాదు, మాంసం లాగే తోపుడు బండి కూడా కుదరదు. అక్కడ కొట్టిన ఎల్క్‌ను భుజాల మీద తెచ్చుకోవాలి, లేదా గుర్రం ఉండాలి. నాకు కావలసింది ఆ రెండింటి మధ్య చోటు. గేటు దాకా బండి, అక్కణ్నుంచి నడక.

గ్రాండ్‌మెసా:
నేను మూయవద్దని రాశాను. అలాంటి పక్క దారి చివరే నా క్యాంపు. అది మూస్తే నా వేట అక్కడితో సరి. నడిచేవాళ్లకు వైల్డర్‌నెస్ లక్షల ఎకరాలు ఉంది, అది మీకు చాలడం లేదా? నాలాంటివాడికి మిగిలింది ఆ దారులే. గేటు దాటి వచ్చేవాళ్ల మీద మీకెంత కోపం ఉందో నాకూ అంతే ఉంది. వాళ్ల బండి నంబరు తీసి ఫిర్యాదు చేయండి, సాక్ష్యానికి నేను వస్తాను. వాళ్ల కోసం దారి మొత్తం మూయమంటే మాత్రం ఒప్పుకోను.

గేర్‌బాక్స్:
నంబరు తీసేలోపు మంద పోతుంది. నేను మళ్లీ మూయమనే రాస్తాను.

గ్రాండ్‌మెసా:
నేను మళ్లీ వద్దనే రాస్తాను.

హ్యూస్టన్_పల్నాడు:
పాపం నెల్లూరు గారు బండి గురించి అడిగారు.

అరోరా_నెల్లూరు:
పర్లేదన్నా, ఇది తెలియడం కూడా మంచిదే అయింది. నాన్న లేకపోతే ఏటీవీనే కొనేవాణ్ణి. ఆయనతో కాబట్టి ఆ పయొనీర్ 520 వైపు మొగ్గుతున్నాను. శనివారం నాన్నను తీసుకెళ్లి ఎక్కించి చూస్తాను. చూసేటప్పుడు ఏం గమనించాలి?

గ్రాండ్‌మెసా:
నిలబెట్టిన బండిలో ఒకసారి ఎక్కి దిగితే తెలియదు. వరసగా నాలుగైదు సార్లు ఎక్కి దిగమనండి. మోకాలు మడవడం కన్నా కాలు పక్కకు తిప్పి బయటపెట్టడమే ఎక్కువ నొప్పి. పట్టుకోవడానికి చట్రం మీద చేతికందే చోటు ఉందో లేదో చూడండి, లేకపోతే పట్టీ బిగించండి. చలికాలం కోటు వేసుకునే కూర్చోమనండి, సీటు బెల్టు కోటు మీద నుంచి పడాలి. ముందు అద్దం, కప్పు తర్వాత కొనుక్కోవచ్చు.

గేర్‌బాక్స్:
బండికి ఓహెచ్‌వీ (ఇలాంటి అడవి దారుల బండ్ల) స్టిక్కర్ తీసుకోండి, అది లేకపోతే ప్రభుత్వ దారుల్లో నడపకూడదు. ఎంవీయూఎం ఫోన్లో దించుకోండి, ఉచితమే, ఈ ఏడాదిదే కావాలి. అక్కడ సిగ్నల్ ఉండదు కాబట్టి ఇంటి దగ్గరే దించుకోవాలి. వించ్ 2500 పౌండ్లకు తక్కువది వద్దు. ఆ వైపు ఎక్కడ వేటాడాలో నాకు మెసేజ్ పెట్టండి, నడవగలిగే చోట్లు చెబుతాను.