యూకేలో మొబైల్ నుంచి 0800 నంబర్లకి కాల్ చేస్తే ఇప్పుడు నిజంగా ఫ్రీయేనా? అమ్మానాన్న వచ్చే నెల వెళ్తున్నారు

ఎంవీపీ కాలనీ అమ్మాయి:

అందరికీ నమస్కారం. అమ్మానాన్న వచ్చే నెల లీడ్స్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్తున్నారు, ఐదు నెలలు ఉంటారు. టికెట్లు, ఇన్సూరెన్సు, మందుల చీటీలు, ఆవకాయ సర్దడం అన్నీ అయిపోయాయి గానీ నాన్న ఫోన్ విషయంలో మాత్రం పట్టు వదలడం లేదు. "అక్కడ నాకు సిమ్ వద్దు, మీ అక్క ఫోన్ చాలు" అంటున్నారు. అక్క, బావ పొద్దున్న ఎనిమిదికి వెళ్తే సాయంత్రం ఆరుకి గానీ రారు, ఇంట్లో ల్యాండ్‌లైన్ లేదు, అమ్మకి షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. ఫోన్ లేకుండా ఎలా వదిలేస్తాం?

ఆయన భయానికి కారణం ఉంది. 2013లో వెళ్ళినప్పుడు అక్క ప్రీపెయిడ్ సిమ్ కొని పది పౌండ్లు వేసి ఇచ్చింది. తిరుగు ప్రయాణం తేదీ మార్చుకోవాలని నాన్న ఒక ఎయిర్‌లైన్స్ వాళ్ళ 0800 నంబరుకి కాల్ చేశారు. కాగితం మీద పెద్ద అక్షరాలతో ఫ్రీఫోన్ అనే ఉంది. దాదాపు పాతిక నిమిషాలు ఆ మ్యూజిక్ వింటూ కూర్చుని, చివరికి మనిషి లైన్లోకి వచ్చి బుకింగ్ నంబరు అడిగే సమయానికి కాల్ కట్ అయిపోయింది. చూసుకుంటే బ్యాలెన్సు సున్నా. మన లెక్కలో వెయ్యికి కాస్త తక్కువ. డబ్బు పోయినందుకు కాదు, "ఫ్రీ అని రాసి తీసుకున్నారు" అన్న మాట ఇప్పటికీ అంటారు. కాలక్షేపానికి చెప్పే కథ కాదది, నిజంగానే మనసులో పెట్టుకున్నారు.

ఇప్పుడు పరిస్థితి మారిందా? ఇంకో సందేహం కూడా ఉంది. నాన్న పెన్షన్ ఖాతా ఉన్న మన బ్యాంకు 1800 నంబరు అక్కడి నుంచి కలుస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్, ఇంకా మూడు వారాలే ఉంది.

మిడ్‌లాండ్స్ నుంచి విశాఖవాసి:

మారింది అమ్మా, ధైర్యంగా సిమ్ ఇప్పించండి. 2015 జూలై 1 నుంచి యూకేలో 0800, 0808 నంబర్లకి ఏ మొబైల్ నుంచి చేసినా ఒక్క పెన్నీ పడదు, ప్రీపెయిడ్ అయినా నెలవారీ బిల్లు అయినా ఒకటే. 116తో మొదలయ్యే హెల్ప్‌లైన్లు కూడా అంతే. ఇది ఏ కంపెనీయో ఇచ్చిన ఆఫర్ కాదు, ఆఫ్‌కామ్ పెట్టిన రూలు. ఆఫ్‌కామ్ అంటే ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ, మన ట్రాయ్ లాంటిది.

మీ నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను 2009లో ఇక్కడికి వచ్చాను, అప్పట్లో 0800 అంటే ల్యాండ్‌లైన్ నుంచి మాత్రమే ఉచితం, మొబైల్ నుంచి చేస్తే నిమిషానికి 40 పెన్సుల దాకా లాగేవారు. పాతిక నిమిషాలకి పది పౌండ్లు, లెక్క సరిగ్గా సరిపోయింది చూడండి. ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉన్నవాడికి ఏ నష్టమూ లేదు, నష్టమంతా అద్దె గదిలో ప్రీపెయిడ్ సిమ్‌తో బతికేవాడికే. నేను స్టూడెంట్‌గా ఉన్నప్పుడు 0800 నంబరుకి చేయాలంటే రోడ్డు చివర ఉన్న ఎర్ర ఫోన్ బూత్‌కి వెళ్ళేవాడిని, ఎందుకంటే అందులో నాణెం వేయకుండానే కలిసేది, చేతిలో ఉన్న ఫోన్ నుంచి చేస్తే మాత్రం డబ్బు. జనవరి చలిలో ఆ బూత్ తలుపు సందులోంచి గాలి కొడుతుంటే ఒక చేత్తో రిసీవర్, ఇంకో చేత్తో కాగితం పట్టుకుని నిలబడటం ఇంకా గుర్తుంది.

అయితే ఒక్క జాగ్రత్త. 0తో మొదలై 8 వచ్చిందని ప్రతిదీ ఫ్రీ అనుకోకూడదు. 0845, 0870, 0871 లాంటివి డబ్బులు పడే నంబర్లు, వాటికి రెండు ముక్కల చార్జీ ఉంటుంది: ఒకటి మీ మొబైల్ కంపెనీ తీసుకునేది, రెండోది మీరు ఎవరికి చేస్తున్నారో వాళ్ళ సర్వీసుకి పోయేది. 03తో మొదలయ్యేవి ఫ్రీ కాదు, కానీ మామూలు 01, 02 ల్యాండ్‌లైన్ కాల్ ఎంతో అంతే, ప్యాక్‌లో నిమిషాలు ఉంటే అందులోంచే పోతాయి. చాలా ఆఫీసులు ఇప్పుడు 03 నంబర్లే వాడుతున్నాయి. పాత కాగితాల్లో 0500తో ఫ్రీఫోన్ నంబరు కనిపిస్తే దాన్ని కొట్టేయండి, ఆ సిరీస్‌ని 2017 జూన్‌లో పూర్తిగా తీసేశారు.

అమ్మగారి ఆరోగ్యం గురించి అన్నారు కాబట్టి ఇది ముఖ్యం. ప్రాణం మీదికి వస్తే 999. అంత కాదు గానీ ఏం చేయాలో తెలియడం లేదు, షుగర్ పడిపోయినట్టుంది, డాక్టరుకి చూపించాలా వద్దా అనుకుంటే 111. రెండూ మొబైల్ నుంచి ఉచితం. పోలీసులతో మామూలు పని ఉంటే 101, దానికి ముందు కాల్‌కి 15 పెన్సులు ఉండేది, 2020 ఏప్రిల్ నుంచి అదీ తీసేశారు. ఉచితం అయ్యేది కాలే, చికిత్స ఖర్చు వేరే సంగతి, విజిటర్‌కి ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం చేతిలో ఉండాలి.

పాత టెలికాం ఉద్యోగి:

వైజాగ్ టెలిఫోన్స్‌లో ముప్పై ఏళ్ళు చేసి రిటైర్ అయ్యాను, అందుకే ఇందులో తల దూరుస్తున్నాను. చాలామందికి ఫ్రీ అంటే ఎవరూ కట్టరని భావన. కాల్‌కి డబ్బు ఎప్పుడూ ఉంటుంది, ఎవరు కడతారన్నదే తేడా. టోల్ ఫ్రీలో ఫోన్ అందుకునేవాడు కడతాడు. 1800 నంబరుకి సొంత లైనంటూ ఏదీ ఉండదు. మీరు డయల్ చేయగానే ఎక్స్ఛేంజ్ ఆ నంబరుని ఒక పట్టికలో వెతికి, దాని వెనకాల ఉన్న మామూలు నంబరు ఏదో చూసి అక్కడికి పంపిస్తుంది, బిల్లు మాత్రం ఆ నంబరు తీసుకున్న సంస్థకి వేస్తుంది. యూకేలో జరిగిన గొడవ కూడా ఇక్కడే, ఆ సంస్థ కట్టే డబ్బులో తమకి వచ్చే వాటా చాలదని మొబైల్ కంపెనీలు కాల్ చేసేవాడి దగ్గర కూడా తీసుకునేవి. 2015లో ఆ భారం మొత్తం నంబరు పెట్టుకున్నవాడి మీదికే మార్చారు. సార్ చెప్పినట్టు చాలా ఆఫీసులు 03కి వెళ్ళడానికి ఇదీ ఒక కారణం, ఫ్రీ పెడితే బిల్లు తమకే వస్తుంది కదా.

మన దగ్గరా ఇలాంటి రోజులు ఉండేవి. మొదట్లో మన టోల్ ఫ్రీ నంబర్లు 1600తో మొదలయ్యేవి, తర్వాత 1800 అయ్యాయి. ఒక కంపెనీ ఇచ్చిన టోల్ ఫ్రీ నంబరు ఇంకో కంపెనీ ఫోన్ నుంచి కలిసేది కాదు. కౌంటర్‌కి వచ్చి "మీ నంబరు నా సెల్ నుంచి పోవట్లేదండీ" అని జనం గొడవ చేసేవారు, పక్కనే ఉన్న మా ల్యాండ్‌లైన్ నుంచి నేనే కలిపి ఇచ్చేవాడిని. 2006 నవంబరులో ట్రాయ్ ఒక రెగ్యులేషన్ తెచ్చి ఏ నెట్‌వర్క్ టోల్ ఫ్రీ నంబరైనా మిగతా నెట్‌వర్క్‌ల నుంచి కూడా కలిసేలా ఒప్పందాలు చేసుకోవాలంది. ఇప్పటి పిల్లలకి అది సమస్య అని కూడా తెలియదు. అదే 1600 ఇప్పుడు వేరే రూపంలో తిరిగి వచ్చింది, బ్యాంకులు, ఇన్సూరెన్స్ వాళ్ళు మనకి ఫోన్ చేయడానికి ఆ సిరీస్ ఇచ్చారు. అప్పుడు మనం వాళ్ళకి చేసేది, ఇప్పుడు వాళ్ళు మనకి చేసేది.

అమ్మాయి రెండో ప్రశ్నకి జవాబు: మన 1800 నంబర్లు మామూలుగా విదేశాల నుంచి కలవవు, ముందు +91 పెట్టినా సరే. ఏటీఎం కార్డు వెనక్కి తిప్పి చూడండి, చాలా బ్యాంకులు విదేశాల నుంచి చేసేవాళ్ళ కోసం ఎస్టీడీ కోడ్‌తో మామూలు నంబరు ఒకటి ఇస్తాయి. దానికి డబ్బు పడుతుంది, కానీ కలుస్తుంది. ఇంటర్నెట్లో వెతికి మాత్రం నంబరు తీసుకోవద్దు, దొంగ కస్టమర్ కేర్ నంబర్లు పైనే కనిపిస్తున్నాయి. అలా ఎవరైనా మోసపోతే మన దగ్గర సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే చెప్పాలి.

పెందుర్తి నుంచి:

యూకే సంగతి బాగానే ఉంది గానీ మన 1860 గురించి ఎవరూ మాట్లాడరేం? 1800కి 1860కి తేడా ఎంతమందికి తెలుసు? పోయిన సంవత్సరం మా అమ్మకి కంటి ఆపరేషన్ అయింది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ కోసం పాలసీ కాగితం మీద ఉన్న హెల్ప్‌లైన్‌కి చేయమంటే అది 1860 నంబరు. అమ్మది బటన్ల ఫోన్, అన్‌లిమిటెడ్ ప్యాక్ వేయించి ఉంది, మెయిన్ బ్యాలెన్స్ సున్నా. ఎన్నిసార్లు చేసినా తగినంత బ్యాలెన్స్ లేదనే మాటే. అమ్మ అనుకుంది నేను రీఛార్జ్ మర్చిపోయానని. నేనేమో భువనేశ్వర్‌లో డ్యూటీలో ఉన్నాను, ఫోన్లో ఎంత చెప్పినా ఆవిడకి అర్థం కావడం లేదు, ప్యాక్ ఉంటే బ్యాలెన్స్ ఎందుకు లేదంటుందని. న్యాయమైన ప్రశ్నే కదా.

కట్టు కట్టిన కన్నుతో రోడ్డు దాటి కిరాణా కొట్టుకి వెళ్ళి పది రూపాయల టాప్‌అప్ వేయించుకుంది. పది వేస్తే చేతికొచ్చేది ఏడున్నర కూడా ఉండదు. తెలుగు కోసం రెండు నొక్కండి, క్లెయిమ్ కోసం నాలుగు నొక్కండి, అన్నీ నొక్కి మనిషి వచ్చేలోపు ఆ ఏడు రూపాయలూ అయిపోయాయి. మళ్ళీ కొట్టుకి వెళ్ళింది. ఈ విషయం నాకు వారం తర్వాత ఆ కొట్టాయన చెప్తే తెలిసింది. ఆ రోజు నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

1860 అంటే లోకల్ కాల్ చార్జీ, చేసినవాడే కట్టాలి. టోల్ ఫ్రీ కాదు, కానీ చూడటానికి 1800 లాగే ఉంటుంది, పక్కన ఎక్కడా డబ్బు పడుతుందని రాయరు. క్లెయిమ్ కోసం, పోయిన కార్డు ఆపించడం కోసం చేసే కాల్‌కి మనిషి దగ్గర డబ్బు తీసుకోవడం తప్పు అని నేను గట్టిగా అంటాను. ప్రీమియం ఏటా కడుతున్నాం కదా. ఏడు రూపాయలే కదా అనేవాళ్ళు ఒకసారి ఆ వయసులో ఆ రోడ్డు దాటి చూడాలి.

మిడ్‌లాండ్స్ నుంచి విశాఖవాసి:

పెందుర్తి అన్నా, చదువుతుంటే బాధేసింది. ఇక్కడ కూడా సరిగ్గా ఇదే మీద పెద్ద గొడవ జరిగింది. ఉద్యోగం లేనివాళ్ళకి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే భృతి యూనివర్సల్ క్రెడిట్, దాని హెల్ప్‌లైన్ 0345 నంబరు మీద నడిచేది, ప్యాక్ లేని ప్రీపెయిడ్ ఫోన్ నుంచి చేస్తే నిమిషానికి 55 పెన్సుల దాకా పడేది. చేతిలో డబ్బు లేదని చెప్పడానికి డబ్బు పెట్టి ఫోన్ చేయాలన్నమాట. 2017 అక్టోబరులో పార్లమెంటులో దీని మీద గట్టిగా నిలదీస్తే ప్రభుత్వం దిగొచ్చి ఆ భృతి చూసే శాఖ ఫోన్ లైన్లన్నీ ఏడాది చివరికల్లా ఉచితం చేస్తామంది, 0800కి మార్చింది. జనం అడిగితేనే మారింది, దానంతట అది మారలేదు.

అమ్మాయి గారికి ఇంకొక్క మాట. 0800 ఉచితం అన్నది యూకే లోపల యూకే సిమ్ నుంచి చేసినప్పుడే. నాన్నగారు వైజాగ్ వచ్చాక అదే సిమ్ రోమింగ్‌లో పెట్టి 0800కి చేస్తే చార్జీ పడుతుంది. అలాగే ఇక్కడ ఉండి మన ఇండియా సిమ్ రోమింగ్‌లో 1800కి చేస్తే ఫ్రీ అనుకోవద్దు. ఇండియా సిమ్‌ని ఓటీపీల కోసం మాత్రం బతికించి ఉంచండి, వ్యాలిడిటీ అయిపోకుండా వెళ్ళేముందే ప్యాక్ వేయించండి.

పాత టెలికాం ఉద్యోగి:

పెందుర్తి బాబుకి. అమ్మగారిది బటన్ ఫోన్ అన్నారు కాబట్టి చెప్తున్నా, డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ కంపెనీలకి చెప్పింది, ఏడాది దాకా వ్యాలిడిటీ ఉన్నవి కూడా పెట్టొచ్చు. ఆవిడకి అలాంటిది చూడండి. మెయిన్ బ్యాలెన్స్‌లో ఎప్పుడూ ఒక ఇరవై ముప్పై రూపాయలు విడిగా ఉంచండి, 1860 కోసం. అది న్యాయమని కాదు, ఆవిడ మళ్ళీ కొట్టుకి నడవకూడదని. ఆ కంపెనీకి 1800 నంబరు కూడా ఉందేమో వాళ్ళ వెబ్‌సైట్‌లో చూడండి, కొన్ని సంస్థలు రెండూ ఉంచుకుని 1860ని ముందు పెడతాయి. ఇన్సూరెన్స్ మీద ఫిర్యాదు ఉంటే 155255 ఉంది.

ఎంవీపీ కాలనీ అమ్మాయి:

అందరికీ చాలా చాలా థాంక్స్. రాత్రి భోజనాలయ్యాక ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. 2013లో తన పది పౌండ్లు ఎలా పోయాయో పైసలతో సహా లెక్క తేలినందుకు ఆయన మొహంలో వచ్చిన సంతోషం చెప్పలేను. "చూశావా, నేను తప్పు నొక్కలేదు" అని అమ్మతో రెండుసార్లు అన్నారు. ఇన్నేళ్ళూ ఆ మాట మనసులో ఉందని మాకెవరికీ తెలియదు.

పెందుర్తి అన్నయ్యా, అమ్మగారి కన్ను ఇప్పుడు ఎలా ఉంది? మా నాన్న అడగమన్నారు.

సిమ్‌కి ఒప్పుకున్నారు. బ్యాంకు కార్డు వెనక నంబరు కళ్ళజోడు పెట్టుకుని తనే చదివి రాసుకున్నారు. జేబు డైరీలో మొదటి పేజీలో 999, 111, దాని కింద "0800, 0808 ఉచితం" అని పెద్దగా రాసి గీత కొట్టి, గీత కింద "03 మామూలు కాల్, 084 087 చేయకూడదు" అని ఎర్ర పెన్నుతో రాశారు. ఇప్పుడే వచ్చి 0808లో చివర ఎనిమిదా సున్నానా అని ఇంకోసారి అడిగి వెళ్ళారు.